దమ్ము చక్రాలూ, వెన్నుపూసల మధ్య కేజూ

ఈ సంక్రాంతికి కోవూరులో అక్క వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక బావ ఒక ఎమ్మారై కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. అది వాళ్ల అమ్మది. అత్తకు రెండేళ్లుగా నడుము నొప్పి, ఎడమ కాలు పిక్క దాకా లాగటం, వంద అడుగులు వేసేసరికి ఎక్కడైనా కూర్చోవాలనిపించటం ఉన్నాయి. నాలుగో నడుము పూస అయిదో పూస మీద ముందుకు జారిందని, రెంటినీ స్క్రూలతో, రాడ్లతో బిగించి మధ్యలో కేజ్ అనే చిన్న ఆధారం పెట్టాలని నెల్లూరు డాక్టరు చెప్పాడట. చెన్నైలోని ఒక చిన్న సంస్థలో తొమ్మిదేళ్లుగా నేను గీస్తున్నవి ఆ కేజ్‌లే. బావకు మాత్రం కేజ్ అంటే వరి మడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాలే.

"అంత లావు చక్రాలు గదా, అమ్మ నడుములో ఎట్ల పెడతారు బామ్మర్దీ?" అని నవ్వాడు. వెంటనే నవ్వు మాని, "లోపల అది ఎన్నాళ్లు మోస్తాది?" అని అడిగాడు.

రెండో ప్రశ్నకు అప్పుడు నేను సరిగా జవాబు చెప్పలేదు. "చాలాకాలం మోస్తుందిలే బావా" అని తప్పించుకున్నాను. నిజానికి కేజ్ చాలాకాలం మోయకూడదు. ఆరు నెలలో, సంవత్సరమో మోసి, ఈలోపు తన చుట్టూ, తన లోపల ఎముక పెరగటానికి చోటు కాచి, ఆ తర్వాత బరువును ఆ కొత్త ఎముకకు అప్పగించాలి. మా పనిలో తీసుకునే నిర్ణయాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి కాబట్టి, బావకు ఆ రోజు చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

రెండు పూసల మధ్య ఉండే డిస్క్ బరువును మోస్తుంది, వెనుక పక్కల నుంచి కాలికి దిగే నరానికి దారిని తెరిచి ఉంచుతుంది. డిస్క్ ఎండి చదునైనప్పుడు పై పూస కిందికి దిగుతుంది, నరం వెళ్లే రంధ్రం ఇరుకవుతుంది, కాలు లాగుతుంది. కాబట్టి సర్జను పాడైన డిస్క్‌ను గీకి తీసేసి, పూసలను మళ్లీ పైకి ఎత్తి, ఆ ఎత్తు నిలిచేలా ఒక ఆధారాన్ని దూర్చాలి. అక్కడ పడే బరువు చిన్నది కాదు. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో ఒక పరిశోధక బృందం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఒకే ఒక మనిషి నాలుగు, అయిదు నడుము పూసల మధ్య డిస్క్‌లోకి ఒత్తిడి కొలిచే సన్నని పరికరాన్ని దించి ఒక రోజు పాటు కొలిచింది. వెల్లకిలా పడుకున్నప్పుడు 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5, నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3 వచ్చాయి. అంటే నిలబడ్డప్పుడు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 5 కిలోలు, వంగి బరువెత్తితే 23 కిలోలు. నాట్లు వేసే ఆడవాళ్ల నడుములను గురించి వేరే చెప్పనవసరం లేదు.

ఈ ఆధారం మొదట మనిషి సొంత ఎముకే. తుంటి ఎముక నుంచి ముక్క తీసి పూసల మధ్య పెట్టేవారు. కొందరికి ఆపరేషను చేసిన చోటు కన్నా ముక్క తీసిన తుంటే ఎక్కువ కాలం నొప్పి పెట్టేది, పెట్టిన ముక్క ఒక్కోసారి నలిగిపోయేది. లోహపు బుట్ట ఆలోచన వచ్చింది గుర్రాల వల్ల. మెడ పూసల దగ్గర వెన్నుపాము నలిగి, కాళ్లు తడబడి పడిపోయే జబ్బు గుర్రాలకు వస్తుంది. 1970ల చివర అమెరికాలో జార్జ్ బాగ్బీ అనే ఎముకల సర్జను పశువైద్యులతో కలిసి, చుట్టూ రంధ్రాలున్న స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంలో ఆ గుర్రం ఎముక పొడినే నింపి మెడ పూసల మధ్య దూర్చాడు. రంధ్రాల గుండా ఎముక పెరిగి పూసలు అతుక్కున్నాయి. 1977లో అమెరికా గుర్రప్పందేలలో ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సియాటిల్ స్లూ అనే గుర్రానికి సైతం 2000 సంవత్సరంలో మెడకు ఇటువంటి ఆపరేషనే జరిగింది. (ఒంగోలు గిత్త మెడ మీద కాడి మోపి తరాలుగా బతికిన మనకు ఈ ఆలోచన ఎందుకు రాలేదని నేను ఒక్కోసారి సరదాగా బాధపడుతుంటాను.) బాగ్బీ బుట్టకు మరలు చేర్చి మనుషులకు అనువుగా మార్చిన బీఏకే కేజ్‌కు అమెరికా ప్రభుత్వ అనుమతి 1996లో వచ్చింది.

ఆ మర కేజ్‌లు కొన్నేళ్లు బాగా నడిచి తర్వాత వెనకబడ్డాయి. గుండ్రటి గొట్టం పూసల మధ్య పట్టాలంటే రెండు పూసల ఉపరితలాలనూ తొలిచి గాడి చేయాలి. ఆ తొలచటంలోనే పూసకున్న గట్టి పొర పోయేది. మా రంగంలో నేను అర్థం చేసుకున్న అతి ముఖ్యమైన సంగతి ఆ పొరలోనే ఉంది, బావ దమ్ము చక్రాలు నాకు అక్కరకొచ్చేది కూడా అక్కడే.

వెన్నుపూస పైనా కిందా ఎండ్ ప్లేట్ అనే గట్టి పలక ఉంటుంది. దాని మందం దాదాపు ఒక మిల్లీమీటరు, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. దాని అడుగున ఉన్నదంతా తేనెపట్టు లాంటి మెత్తటి ఎముక. మెత్తటి నేల మీద పలచగా పోసిన తారు రోడ్డును ఊహించుకుంటే సరిపోతుంది. దమ్ము చక్రాలు మడిలో ఉన్నంతసేపు వాటి పలకలు బురదను విస్తారంగా పట్టి ట్రాక్టరును దిగబడకుండా నడిపిస్తాయి. అవే చక్రాలతో పెన్నా కాలువ గట్టు దాటి తారు రోడ్డెక్కితే పలకల అంచులు ఒక్కొక్కటే రోడ్డును కొరుక్కుంటూ పోతాయి, అందుకే వాటితో రోడ్డెక్కితే అపరాధ రుసుము వేస్తారు. బరువు రెండుచోట్లా అదే ట్రాక్టరుది. ఆ బరువు ఎంత మేర పరుచుకుంటోంది, ఏ అంచు మీద నిలబడుతోంది అన్నదే తేడా తెస్తుంది. కేజ్ పెట్టిన నడుములోనూ జరిగేది ఇదే. పై పలక పగలకుండా ఉంటే కేజ్ నిలుస్తుంది. పలక పగిలితే కేజ్ తన మానాన మెత్తటి ఎముకలోకి దిగబడుతుంది, ఎత్తిన ఎత్తు పోతుంది, నరం దారి మళ్లీ మూసుకుంటుంది.

ఇక్కడ లెక్క చిక్కుగా ఉంటుంది. నడుము డిస్క్ వైశాల్యం సుమారు 16 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. వీపు వైపు నుంచి, నరాలను పక్కకు జరిపి దూర్చే కేజ్ 28 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల వెడల్పు దాటటం కష్టం. దాని మధ్యలో ఎముక పొడి నింపే కిటికీ పోగా నిజంగా పూసను తాకేది 2 చదరపు సెంటీమీటర్లకు లోపే. అంటే డిస్క్ 16 చదరపు సెంటీమీటర్ల మీద పరిచిన బరువులో స్క్రూలు, రాడ్లు పంచుకున్నది పోగా మిగిలినదంతా అందులో ఎనిమిదో వంతు జాగా మీద పడుతుంది. కిటికీ పెద్దదైతే ఎముక ఎక్కువ పెరుగుతుంది, గోడలు పలచనై పలకను కోస్తాయి. గోడలు మందమైతే పలక భద్రంగా ఉంటుంది, ఎముకకు చోటు తగ్గుతుంది.

నా మొదటి కేజ్‌లో నేను కిటికీ పక్షం వహించాను. ఎముక పొడి ఎక్కువ పట్టాలని సర్జన్లందరూ అడుగుతారు కదా అని గోడలను ఒకటిన్నర మిల్లీమీటర్లకు తగ్గించాను. కేజ్ విరుగుతుందా లేదా చూసే పరీక్ష వేరు, దిగబడుతుందా లేదా చూసే పరీక్ష వేరు. మొదటిది ఏఎస్‌టీఎం అనే అమెరికా ప్రమాణాల సంస్థ పెట్టిన ఎఫ్2077. అందులో కేజ్‌ను లోహపు దిమ్మెల మధ్య పెట్టి 50 లక్షల సార్లు నొక్కి వదులుతారు. సెకనుకు అయిదుసార్లు చొప్పున నడిపినా యంత్రం పదకొండున్నర రోజులు ఆగకుండా ఆడాలి. ఆ పన్నెండు రోజులూ ఉదయం ఆఫీసుకు వెళ్లగానే నేను మొదట చూసేది ఆ లెక్కింపు అంకెనే. నా కేజ్ అందులో చెక్కు చెదరలేదు, నేను ఇంటికి ఫోను చేసి చెప్పుకున్నాను కూడా. రెండోది ఎఫ్2267. అందులో లోహానికి బదులు మెత్తటి ఎముకకు ప్రతినిధిగా పాలీయురేథేన్ నురుగు దిమ్మెలు పెడతారు. నా కేజ్ వాటిలోకి, ఎండకు మెత్తబడ్డ బెల్లంలోకి కత్తి దిగినట్టు దిగింది. బయటికి తీసి చూస్తే దిమ్మె మీద నా గోడల ఆకారం అచ్చు గుద్దినట్టు ఉంది. ఆ దిమ్మె ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. తర్వాతి నమూనాలో గోడ మందం పెంచటంతో పాటు కేజ్‌ను కిడ్నీ ఆకారంలో వంచి, పూస ముందు అంచుకు దగ్గరగా కూర్చునేలా మార్చాము. పలక నడిమధ్యన బలహీనం, అంచుల వైపు గట్టి. చాపను నాలుగు చెంగులా పట్టి లేపినట్టు బరువును అంచుల మీదికి తేవాలి.

ఇక దేనితో చేయాలన్న ప్రశ్న. బలమైన లోహమే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది, కాలేజీలో నాకూ అలాగే అనిపించింది. ఒక పదార్థం ఎంత వంగకుండా నిలుస్తుందో చెప్పే సాగుడు గుణకాన్ని గిగాపాస్కల్ లెక్కలో చెప్పాలంటే స్టెయిన్‌లెస్ స్టీలుది 190 దాకా, టైటానియం మిశ్రమానిది 110, ఎముక గట్టి పొరది 12 నుంచి 20, పీక్ అనే ప్లాస్టిక్‌ది నాలుగుకు లోపు. ఎముకకు పని చెబితేనే పెరుగుతుంది, పని లేకపోతే కరుగుతుంది. బెర్లిన్ సర్జను జూలియస్ వోల్ఫ్ 1892లోనే ఈ సూత్రం రాశాడు. పక్కనున్న లోహం బరువంతా తానే మోస్తే లోపల నింపిన ఎముక పొడికి బరువు తగలదు, అది ఎముకగా మారటానికి కారణం కనబడదు. ఇంటి పెద్దకొడుకు అన్ని పనులూ తానే చేస్తే చిన్నవాడు ఎన్నటికీ ఎదగడని మా జేజినాయన అనేవాడు, ఆయనకు వోల్ఫ్ పేరు తెలియదు.

ఆ దృష్టితో చూస్తే పీక్ నయం. ఎక్స్‌రేలో అది కనబడదు కాబట్టి లోపల ఎముక పెరిగిందో లేదో డాక్టరు చూడగలడు, కేజ్ ఎక్కడుందో తెలియటానికి మాత్రం టాంటలం అనే లోహంతో రెండు మూడు చుక్కలు పొదుగుతాము. దాని లోపం ఏమిటంటే ఎముక దాన్ని పట్టుకోదు, చుట్టూ పీచులాంటి పొర అల్లుకుంటుంది. టైటానియంను ఎముక బాగా పట్టుకుంటుంది కానీ అది మరీ గట్టి. కొన్నేళ్లుగా ఈ రెంటి మధ్య దారి ఒకటి దొరికింది. టైటానియం పొడిని లేజరుతో పొర మీద పొరగా కరిగించి, కొన్ని వందల మైక్రాన్ల రంధ్రాలతో స్పంజి లాగా ముద్రించవచ్చు. అలా చేస్తే లోహం అదే అయినా నిర్మాణం వంగుతుంది, ఎముక లోపలికి అల్లుకుంటుంది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి మెడ్‌టెక్ జోన్ వచ్చాక ఇటువంటి పనికి మన రాష్ట్రంలోనే చోటు దొరికింది. అందులోనూ ఒక తంటా ఉంది. కరగకుండా మిగిలిన పొడి రేణువు ఒక్కటి కూడా ఆ సందుల్లో ఉండకూడదు. అటువంటి జాలీని గీయటం ఒక మధ్యాహ్నం పని, అందులోంచి పొడి అంతా బయటికి వస్తుందని రుజువు చేయటం నాకు నాలుగు నెలల పని అయింది.

పరీక్షలన్నీ గట్టెక్కాక కూడా కేజ్ ఎక్కడ ఓడిపోతుందో సర్జన్ల దగ్గర నేర్చుకున్నాను. ప్లాస్టిక్ ఎముకల మీద మా పీక్ కేజ్‌ను వేసి చూడమని ఒక పెద్ద సర్జనుకు ఇచ్చాము. ఆయన దాన్ని పట్టుకునే కడ్డీకి బిగించి, పూసల మధ్య పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. నాలుగో దెబ్బ కాస్త పక్కకు పడింది. కడ్డీ మర పట్టే రంధ్రం దగ్గర కేజ్ టప్పున చీలింది. 50 లక్షల సార్లు నొక్కినా విరగని వస్తువు నాలుగు దెబ్బలకు విరిగింది. "అమ్మాయి నడవటం గురించి ఆలోచించారు గాని నా సుత్తి గురించి ఆలోచించలేదు మీరు" అన్నాడు ఆయన, ప్లాస్టిక్ వెన్నెముకను చూపిస్తూ. అప్పటి నుంచి మర రంధ్రానికి బదులు రెండు పక్కలా గాడులు పెట్టి పట్టుకారులా బిగిస్తున్నాము, దెబ్బ మరల మీద కాకుండా వెనుక గోడ మొత్తం మీద పడుతుంది. కేజ్ ముక్కును ఎండుచేప మూతిలా కోసుగా చేయటం వల్ల ఆ దెబ్బల సంఖ్య కూడా తగ్గింది. పైనా కిందా ఉండే పళ్లు వెనక్కి జారకుండా ఆపేంత మాత్రమే ఉండాలి. పళ్లు మరీ పదునైతే మళ్లీ తారు రోడ్డు మీద దమ్ము చక్రం కథే.

కొలతలను గురించి ఎక్కువ చెప్పను. నడుముకు 8 నుంచి 14 మిల్లీమీటర్ల ఎత్తు దాకా ఒక్కొక్క మిల్లీమీటరు తేడాతో, నడుము సహజ వంపు నిలిచేలా ముందు ఎత్తు కాస్త ఎక్కువగా, కొన్ని డిగ్రీల వాలుతో చేస్తాము. పాశ్చాత్యుల కొలతలతో వచ్చే పెట్టెల్లో పెద్ద సైజులు మన ఆపరేషను థియేటర్లలో ముట్టుకోకుండానే మిగిలిపోతుంటాయి, మన ఆడవాళ్లకు కావలసిన చిన్నవి ముందుగా అయిపోతుంటాయి. ఇక అనుమతులు. 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నిబంధనల ప్రకారం ప్రతి సైజుకూ ప్రతి పరీక్షకూ కాగితం ఉండాలి. ఆ కాగితాలను తిట్టుకున్న రోజులున్నాయి, నా బల్ల మీది నురుగు దిమ్మెను చూసినప్పుడు మాత్రం తిట్టబుద్ధి కాదు.

జేజినాయన మాట వచ్చింది కాబట్టి ఆయన వెన్ను సంగతీ చెప్పాలి. మాది కనిగిరి పక్క పల్లె. ఆయన అరవై ఏళ్లకే నడుము నిటారుగా చేయలేకపోయాడు. మెడ తిప్పాలంటే మనిషంతా తిరిగేవాడు. ఎవరైనా పిలిస్తే గడప దగ్గర నిలబడి కాళ్లతో గుండ్రంగా తిరిగి చూసేవాడు. మా నీళ్లలో ఫ్లోరైడు ఉంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు ఈ జిల్లాలోని ఎముకల ఫ్లోరోసిస్‌ను గురించి రాశారు. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉండటం మంచిదని, మరో నీరు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. అంతకన్నా ఎక్కువగా ఏళ్ల తరబడి తాగితే పూసల మధ్య కట్టే బంధనాలే ఎముకగా మారతాయి, ఒక పూస ఇంకో పూసతో కలిసిపోతుంది, వెన్నుపాము నాళం ఇరుకవుతుంది. పూసలు అతకాలని నేను రాత్రింబవళ్లు ఆలోచిస్తాను. మా జేజినాయనకు ఎవరూ అడగకుండానే అతికిపోయాయి. అటువంటి వెన్నుకు కేజ్‌తో చేయగలిగేది చాలా తక్కువ, నరాల మీద ఒత్తిడి తీసే ఆపరేషనే ప్రధానం.

ఆయన ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో ఒక ట్రంకు పెట్టెలో దొరికాయి. పూసలు సున్నం పూసినంత తెల్లగా ఉన్నాయి. తెల్లగా ఉంటే ఎముక సాంద్రంగా ఉన్నట్టు, సాంద్రంగా ఉంటే బలంగా ఉన్నట్టు అని చాలామంది అనుకుంటారు. డాక్టర్లు కూడా ఒకప్పుడు అలాగే ఆశించి, ఎముకలు గుల్లబారిన స్త్రీలకు సోడియం ఫ్లోరైడు మందుగా ఇచ్చి చూశారు. 1990లో ప్రచురితమైన ఒక అమెరికా పరీక్షలో నాలుగేళ్లలో నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. పూసలు విరగటం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగటం పైగా ఎక్కువైంది. ఎముక ఎంత ఉంది అన్నదానితో పాటు, అది ఏ బరువుకు ఎదురుగా ఏ క్రమంలో అల్లుకుంది అన్నది చూడాలి. కేజ్ కిటికీలో తెల్లటి మచ్చ కనబడగానే అతికిందని సంబరపడే మా అమ్మకాల విభాగం వాళ్లకు ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. పై పూస నుంచి కింది పూస దాకా ఆ ఎముక తెగకుండా వంతెనలా సాగిందా అన్నదే చూడవలసింది.

అత్తకు ఫిబ్రవరిలో ఆపరేషను జరిగింది. పెట్టింది మా సంస్థ కేజ్ కాదు. ఎవరిదైతేనేమి, పీక్‌దే పెట్టారు. ఆరు నెలల ఎక్స్‌రే తీశాక బావ మళ్లీ ఆ కవరు ముందు పెట్టి, స్క్రూలు చూపించి, "ఇవి కనబడతా ఉండాయి. కేజేది?" అన్నాడు. మూడు చుక్కలు చూపించాను. ఆపరేషను మరునాటి ఫిల్మునూ దీన్నీ కిటికీ వెలుతురుకు పక్కపక్కన పట్టి, స్క్రూ మందాన్ని కొలబద్దగా పెట్టుకుని లెక్క కడితే, పై చుక్క పూసలోకి సుమారు ఒక మిల్లీమీటరు జరిగినట్టు తేలింది. 2 మిల్లీమీటర్లు దాటితేనే దిగబడినట్టు సాధారణంగా లెక్కిస్తారు. చుక్కల మధ్య, ఇంకా పలచగానే, ఒక తెల్లటి చార పై పూస నుంచి బయలుదేరి సగం దాకా వచ్చింది.

"అంటే రోడ్డు కొయ్యలేదన్నమాట" అన్నాడు బావ. అత్త ఆ ఫిల్ముల వైపు చూడను కూడా చూడకుండా, బర్రెకు కుడితి పెట్టే వేళయిందని పెరట్లోకి నడిచింది. వంగి బక్కెట ఎత్తబోతుంటే ఇద్దరం ఒకేసారి కేకేశాం.